నలభై వేలలో అడవి ఫొటోలకు ఏ లెన్స్? 75-300 వద్దు, 150-600 ఇప్పుడే వద్దు

తమ్ముడూ, నీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. హన్మకొండలో ఉంటావు. కెనాన్ 200డీ మార్క్ టూ ఉంది, దాంతో వచ్చిన 18-55 తప్ప వేరే లెన్స్ లేదు. చేతిలో నలభై వేలున్నాయి. షాపువాళ్ళు కొత్త 75-300 చవకగా ఇస్తామంటున్నారు, దోస్తేమో సెకండ్ హ్యాండ్‌లో 150-600 కొనెయ్యమంటున్నాడు. పాకాల చెరువు, కవ్వాల్ అడవిలోని జన్నారం తిరగాలని ఆశ, ప్రయాణమంతా బండి మీదే. పులిని తీయాలంటే ఎన్ని ఎంఎం (లెన్స్ పేరులో ఉండే ఈ అంకెలే) కావాలని కూడా అడిగావు.

ముందు నా మాట చెప్పేస్తాను. 75-300 ఊసే ఎత్తకు. 150-600 మంచి లెన్సే గానీ నీకు ఇప్పుడే వద్దు. సిగ్మా 100-400 కంటెంపరరీ, కెనాన్ ఈఎఫ్ మౌంటుది (అంటే నీ కెమెరాకు బిగిసేది), వాడినదైనా మంచి కండిషన్‌లో నీ డబ్బుకు దొరికితే కళ్ళు మూసుకుని కాదు, కింద చెప్పిన పరీక్షలన్నీ చేసి తీసుకో. అది అందకపోతే కెనాన్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం కొను, మిగిలిన డబ్బు పెట్రోలుకూ సఫారీకీ దాచుకో. అప్పు చేసి మాత్రం పెద్ద లెన్స్ కొనకు.

ఇక కారణాలు. లెన్స్ మీద ఉన్న అంకె ఎంత పెద్దదైతే పిట్ట అంత పెద్దగా వస్తుంది, నిజమే. కానీ ఎంత పెద్దగా వస్తుందో ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడు. వడ్డేపల్లి చెరువు దగ్గర తూము పక్కన కర్ర మీద చిన్న లకుముకి పిట్ట కూర్చుంది అనుకుందాం. దాని పొడవు సుమారు 16 సెంటీమీటర్లు. నువ్వు 20 మీటర్ల దూరంలో ఉన్నావు. 250 ఎంఎం దగ్గర ఆ పిట్ట నీ సెన్సార్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద 2 మిల్లీమీటర్లు పడుతుంది. నీ సెన్సార్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో 6000 పిక్సెళ్ళున్నాయి. అంటే పిట్టకు దక్కేది సుమారు 540 పిక్సెళ్ళు. అదే చోట 400 ఎంఎం పెడితే 860, 600 పెడితే దాదాపు 1300.

ఇప్పుడు అదే 250 లెన్స్‌తో 10 మీటర్ల దగ్గరికి వెళ్ళావనుకో. 1080 పిక్సెళ్ళు! 20 మీటర్ల నుంచి 400 ఇచ్చిన దానికన్నా ఎక్కువ. పైగా మధ్యలో గాలి తక్కువ, దుమ్ము తక్కువ, కాబట్టి ఈకల గీతలు కూడా స్పష్టంగా వస్తాయి. దూరం సగమైతే లెన్స్ రెట్టింపైనట్టే, ఆ రెట్టింపుకు పైసా ఖర్చు లేదు.

దగ్గరికి వెళ్ళడం అంటే పిట్ట వెంట పడటం కాదు. పిట్ట తనంతట తాను దగ్గరికొచ్చే చోట ముందే కూర్చోవడం. ఈ విషయంలో మన వరంగల్ వాళ్ళకు ఉన్న సౌకర్యం చాలా ప్రాంతాలకు లేదు. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడ అడుగడుగునా చెరువులే. వానలు బాగా పడి మత్తడి దుంకుతున్నప్పుడు చేపలు ఎదురెక్కుతాయి, వాటి కోసం కొంగలూ నీటికాకులూ ఆ కాస్త జాగాలోనే గుమిగూడతాయి. వాటి ధ్యాసంతా చేపల మీదే ఉంటుంది. నువ్వు ఒక పక్కన కదలకుండా కూర్చుంటే కాసేపటికి నిన్ను పట్టించుకోవు. నాట్ల ముందు పొలం దున్నుతుంటే ట్రాక్టర్ చక్రాల వెనకాలే పురుగుల కోసం కొంగలు నడుస్తాయి. రైతును అడిగి గట్టు మీద కూర్చుంటే 55-250 చాలు. పాలపిట్ట అయితే రోడ్డు పక్క కరెంటు తీగ మీద కనిపిస్తుంది. బండి దిగి నేరుగా దాని వైపు నడిస్తే ఎగిరిపోతుంది, పక్కకు చూస్తున్నట్టు ఏటవాలుగా, ఆగి ఆగి వెళ్తే చాలాసార్లు ఆగుతుంది.

చెరువు దగ్గర ఇంకో మాట. కట్ట మీద నిలబడి కిందికి తీస్తే పిట్ట వెనక అంతా నీళ్ళే వస్తాయి, ఫొటో చదునుగా ఉంటుంది. నీటి మట్టానికి దగ్గరగా, ఒడ్డున కూర్చుని తీస్తే వెనకున్న ఒడ్డు దూరంగా మసకబారి పిట్ట విడిగా కనిపిస్తుంది. చవక లెన్స్‌కు వెనక నేపథ్యం బాగా మసకబారదని బాధపడేవాళ్ళు ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూడాలి.

జంతువుల విషయానికి వస్తే లెక్క ఇంకా తేలిక. చుక్కల దుప్పి భుజం ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు. జన్నారం వైపు సఫారీ దారిలో 30 మీటర్ల దూరంలో నిలబడిందంటే 250 ఎంఎం దగ్గరే ఫ్రేము ఎత్తులో సగం వస్తుంది. చుట్టూ కాస్త అడవి కూడా కనిపిస్తుంది, అదే మంచి ఫొటో. అక్కడ 600 పెడితే తల, మెడ మాత్రమే వస్తాయి. జింక, నెమలి, కొండముచ్చు, అడవి దున్న, ఇవన్నీ 250 నుంచి 400 లోపలే అయిపోతాయి.

పులి సంగతి అడిగావు కదా. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. మహారాష్ట్ర తడోబా వైపు నుంచి పులులు ఇటు వస్తూ పోతూ ఉంటాయి. కానీ సఫారీలో కనబడటం చాలా అరుదు. కనబడని పులి కోసం లెన్స్ కొనకు. ఏడాది పొడుగునా కళ్ళ ముందుండే పిట్టల కోసం, దుప్పుల కోసం కొను. ఎప్పుడో ఒకరోజు పులి దారి దాటితే, అది దుప్పి కన్నా ఎంతో పెద్దది, 250తో కూడా ఫ్రేములో నిండుగానే వస్తుంది. ఆ క్షణానికి కెమెరా చేతిలో సిద్ధంగా ఉండాలి, అంతే.

తర్వాత వెలుతురు. అడవి ఫొటోల్లో డబ్బంతా పోయేది నిజానికి దీని దగ్గరే. ఎంఎంను ఎఫ్ నంబరుతో భాగిస్తే లెన్స్ లోపలికి వెలుగు వచ్చే దారి ఎంత వెడల్పో తెలుస్తుంది. 600 ఎంఎం, ఎఫ్ 6.3 అంటే 95 మిల్లీమీటర్లు. అందుకే 150-600 ముందు అద్దం అంత పెద్దది, ఫిల్టర్ సైజు కూడా 95. అదే 600 ఎంఎం ఎఫ్ 4 కావాలంటే 150 మిల్లీమీటర్ల అద్దం కావాలి, ధర లక్షల్లోకి వెళ్ళిపోతుంది. మనలాంటి వాళ్ళం కొనగలిగే జూమ్‌లు చాలావరకు చివరి దగ్గర ఎఫ్ 5.6 లేదా 6.3 దగ్గరే ఆగుతాయి. 5.6కూ 6.3కూ తేడా స్టాప్‌లో (వెలుగు సగమైతే ఒక స్టాప్) మూడోవంతే, దాని గురించి టెన్షన్ పడకు. 5.6 నుంచి 8కి వెళ్తే మాత్రం వెలుగు సగానికి పడిపోతుంది, అది గట్టిగా తెలుస్తుంది.

కవ్వాల్ టేకు అడవి. వానాకాలం అయిపోయిన కొత్తలో ఆకు నిండుగా ఉన్నప్పుడు లోపల పట్టపగలు కూడా చీకటిగా ఉంటుంది. పొద్దున సఫారీ మొదట్లో ఎఫ్ 6.3 దగ్గర ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులో బొమ్మను వెలిగించే సెట్టింగు) 3200, 6400 పెట్టక తప్పదు. పెట్టు, భయపడకు. గింజలు పడిన ఫొటోను సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు బాగు చేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఏమీ చేయలేం. ఎండాకాలానికి టేకు ఆకు రాలిపోతుంది, లోపలికి వెలుగు దిగుతుంది, చూపు కూడా దూరం పోతుంది. జంతువులు నీళ్ళ కోసం కుంటల దగ్గరికి వస్తాయి. చవక లెన్స్‌తో జన్నారం వెళ్ళేవాడికి ఫిబ్రవరి నుంచి మే వరకు మంచి కాలం. వానాకాలంలో సఫారీ మూసేస్తారు కాబట్టి వెళ్ళే ముందు అటవీశాఖ వాళ్ళను కనుక్కో.

75-300 ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, ఎందుకంటే షాపులో అంకె చూపించి దాన్నే అంటగడతారు. అది 1999 నాటి లెన్స్. చేతి వణుకును సరిచేసే ఐఎస్ అందులో లేదు. ఫోకస్ మోటారు పాతకాలం నాటిది, నెమ్మదిగా, చప్పుడు చేస్తూ వెతుక్కుంటుంది. 300 దగ్గర బొమ్మ మెత్తబడుతుంది, ఎఫ్ 8కో 11కో మూస్తే కాస్త మెరుగు, కానీ అడవిలో ఆ వెలుగు మనకెక్కడిది? 55-250 ఎస్‌టీఎంతో 250 దగ్గర తీసి కత్తిరించుకున్న ఫొటో, 75-300తో 300 దగ్గర తీసినదాని కన్నా స్పష్టంగా ఉంటుంది. ఆ యాభై ఎంఎం కోసం ఇన్ని పోగొట్టుకోవడం దండగ.

55-250లో కూడా మూడు రకాలున్నాయి, సెకండ్ హ్యాండ్‌లో కలిపేసి అమ్ముతారు. 2007 నాటి ఐఎస్, 2011 నాటి ఐఎస్ టూ, 2013లో వచ్చిన ఐఎస్ ఎస్‌టీఎం. నీకు కావాల్సింది మూడోది. లెన్స్ మీద ఎస్‌టీఎం అక్షరాలు కనిపించాలి. బరువు 375 గ్రాములు, ఫోకస్ వేగంగా, చప్పుడు లేకుండా పడుతుంది, 85 సెంటీమీటర్ల దగ్గరి వస్తువును కూడా తీస్తుంది కాబట్టి సీతాకోకచిలుకలకూ పనికొస్తుంది. నీ కెమెరాను రెండు లెన్సుల కిట్‌గా కొన్న చాలామంది దీన్ని వాడకుండా బీరువాలో పెట్టి ఉంచుతారు. తెలిసినవాళ్ళను అడిగితే వరంగల్‌లోనే దొరుకుతుంది.

సిగ్మా 100-400 2017లో వచ్చింది. 1160 గ్రాములు. చేత్తో పట్టుకుని ఒక పూట తిరగగలిగే బరువు, భుజానికి వేసుకునే మామూలు బ్యాగులో పట్టేస్తుంది. అదే ఏడాది వచ్చిన టామ్రాన్ 100-400 కూడా దాదాపు ఇంతే బరువు, ఇంతే పనితనం, ఏది మంచి కండిషన్‌లో ముందు దొరికితే అది తీసుకో. టామ్రాన్‌కు ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ను స్టాండుకు బిగించే పట్టీ) విడిగా కొనుక్కోవచ్చు, సిగ్మాకు ఆ ఏర్పాటు లేదు. రెండూ 400 దగ్గర ఎఫ్ 6.3. నీ కెమెరా వ్యూఫైండర్‌లో తొమ్మిది ఫోకస్ పాయింట్లే ఉన్నాయి, వాటిలో మధ్యదానినే నమ్ముకో.

150-600 విషయంలో నీ దోస్తు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. సిగ్మా కంటెంపరరీ 1930 గ్రాములు, టామ్రాన్ మొదటి రకం 1951, రెండో రకం 2010. కెమెరాతో కలిపితే రెండున్నర కిలోలు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు), లెన్స్‌ను మోసే బ్యాగు అదనం. కారున్నవాడికి ఇబ్బంది లేదు. నువ్వు హన్మకొండ నుంచి యాభై కిలోమీటర్లకు పైగా బండి మీద వెళ్ళి, పాకాల కట్ట వెంబడి నడిచి, మళ్ళీ బండి మీదే రావాలి. నాలుగు వారాలు ఉత్సాహంగా మోస్తావు, ఐదో వారం ఇంట్లో పెట్టి వెళ్తావు. ఇంకో ఇబ్బంది, 600 దగ్గర కెమెరా చూపు చాలా ఇరుకు. ఎగిరే పిట్టను వ్యూఫైండర్‌లోకి తెచ్చుకోవడానికే కొత్తవాళ్ళకు నెలలు పడుతుంది. పైగా ఎవడైనా నలభై వేలకు 150-600 ఇస్తానన్నాడంటే ఎందుకంత తక్కువకు ఇస్తున్నాడో ఆరా తీయాల్సిందే.

అయితే 600 నిజంగా అవసరమయ్యే చోట్లు మన దగ్గర ఉన్నాయి, అక్కడ దగ్గరికి వెళ్ళకూడదు కాబట్టి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట కొండచరియ మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు 2013లో బయటపడ్డాయి. దేశమంతటా తుడిచిపెట్టుకుపోతున్న జాతి అది. ఫొటో కోసం వాటి గూటి వైపు ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయకూడదు. మంథని దగ్గర శివారం అభయారణ్యంలో గోదావరి బండల మీద ఎండకు పడుకునే మొసళ్ళ విషయంలో నీ ప్రాణం కోసమే దూరం పాటించాలి. చలికాలంలో పెద్ద చెరువుల నడిమధ్యన తేలే వలస బాతులకూ ఇంతే. అలాంటివే నీ ఇష్టమని రెండేళ్ళ తర్వాత తేలితే అప్పుడు 150-600 కొను, ఈ 100-400ను అమ్మినా మంచి ధరే వస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకో, ఎండాకాలం పొద్దెక్కాక నీళ్ళ మీద, బండల మీద వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. దాని గుండా తీసిన ఫొటోను ఏ లెన్సూ కాపాడలేదు. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా దూరపు ఫొటోలు ఆపేయడం మేలు.

ఇదే ప్రశ్న వేరే కెమెరాలున్నవాళ్ళు కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300, పేరులో వీఆర్ (ఐఎస్‌కు నికాన్ పెట్టిన పేరు) ఉన్నదే తీసుకోవాలి. డీ3200, డీ5100, డీ7000 లాంటి పాత బాడీల మీద అది ఫోకస్ కాదు. పెద్దది కావాలంటే నికాన్ 200-500 ఎఫ్ 5.6 చాలా మంచిది, బరువు మాత్రం 2300 గ్రాములు. కెనాన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ వాళ్ళకు ఆర్ఎఫ్ 100-400 ఉంది, 635 గ్రాములే, చివర ఎఫ్ 8 అయినా ఆ కెమెరాల మీద ఫోకస్ చక్కగా పడుతుంది. తమ్ముడూ, ఆర్ఎఫ్ లెన్స్ నీ 200డీకి పట్టదు, తెలియక ఆర్డర్ పెట్టేవు. నువ్వు ఇప్పుడు కొనే ఈఎఫ్ లెన్స్ మాత్రం రేపు మిర్రర్‌లెస్‌కు మారినా అడాప్టర్‌తో పనిచేస్తుంది.

ఇక సెకండ్ హ్యాండ్ లెన్స్ చూసే పద్ధతి. ఇది జాగ్రత్తగా చదువు, డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే. హైదరాబాద్ కోఠిలో కొన్నా, ఆన్‌లైన్‌లో చూసి మనిషి దగ్గర కొన్నా, లెన్స్ చేతిలోకి తీసుకోకుండా డబ్బు పంపకు. నీ కెమెరా, నిండుగా చార్జింగ్ ఉన్న బ్యాటరీ, ఖాళీ కార్డు వెంట తీసుకెళ్ళు.

మొదట రెండు వైపులా మూతలు తీసి వెనక నుంచి మొబైల్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడు. నాలుగు దుమ్ము రేణువులు ఏ లెన్స్‌లోనైనా ఉంటాయి, ఫొటో మీద కనిపించవు. సన్నటి దారాల్లాగా అల్లుకుపోయిన తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, అద్దం మీది పూతను తినేస్తుంది. అద్దమంతా పొగ పట్టినట్టు ఉంటే అది మరీ చెడ్డది. రెండింట్లో ఏదున్నా, ఎంత తగ్గిస్తానన్నా తిరిగొచ్చెయ్. తర్వాత జూమ్ రింగు ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పు. ఇసుక నలిగినట్టు చేతికి తగిలితే, మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే కింద పడిందనో, దుమ్ము పట్టిందనో అర్థం. మౌంటు దగ్గర స్క్రూల తలలు చెదిరి ఉంటే ఎవరో విప్పారన్నమాట.

కెమెరాకు తగిలించాక 400 దగ్గర పెట్టి, షట్టర్ సగం నొక్కి పట్టు. చిన్నగా గుయ్‌మని వినిపించి, వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక్క క్షణంలో కుదురుకోవాలి. కుదురుకోకుండా ఎగిరెగిరి పడితే వణుకు సరిచేసే భాగం పాడైంది. దగ్గర ఒక వస్తువు, దూరాన ఒక భవనం, మార్చి మార్చి ఫోకస్ చేసి తడబడుతుందేమో చూడు. ఆపైన గోడకు ఒక న్యూస్‌పేపర్ నిటారుగా అంటించి, ఎదురుగా పేపర్ ఫ్రేము నిండేంత దూరంలో కెమెరాను గట్టి ఆధారం మీద పెట్టి, ఎఫ్ 6.3 దగ్గరే తీయి. నాలుగు మూలలూ ఒకేలా ఉండాలి. ఒక పక్క అక్షరాలు స్పష్టంగా, ఇంకో పక్క అలికినట్టు ఉంటే లోపల అద్దం పక్కకు జరిగింది, వద్దు.

చివరగా అదే పేపర్‌ను ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఫోకస్ చేసి తీయి. లైవ్ వ్యూలో పదునుగా, వ్యూఫైండర్‌తో మెత్తగా వస్తే ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడుతోందన్నమాట. దాన్ని సరిచేసే ఏర్పాటు నీ కెమెరాలో లేదు. సిగ్మాకైతే యూఎస్‌బీ డాక్, టామ్రాన్‌కైతే ట్యాప్-ఇన్ కన్సోల్ అనే పరికరంతో లెన్స్‌లోనే సరిచేసుకోవచ్చు. కాబట్టి ఇది బేరం ఆడటానికి పనికొచ్చే లోపమే తప్ప వదిలేయాల్సింది కాదు. బిల్లు మీద సీరియల్ నంబరు, లెన్స్ మీదిదీ ఒకటేనా చూసి, హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) అడిగి తీసుకో.

హుడ్ ఉంటే ఫిల్టర్ అక్కర్లేదు. చవక యూవీ ఫిల్టర్ పెట్టి మంచి టెలీ లెన్స్ పదును చెడగొట్టుకోకు. లెన్స్ ముందు బిగించే, బొమ్మను పెద్దది చేసే రెండింతల కన్వర్టర్లు కూడా కొనకు. వెనక బిగించే 1.4 కన్వర్టర్ పెడితే 6.3 కాస్తా 9 అవుతుంది, నీ కెమెరా వ్యూఫైండర్‌లో ఫోకస్ దాదాపు పనిచేయదు.

సెట్టింగులు పెద్దగా ఏం లేవు. 400 దగ్గర కూర్చున్న పిట్టకు షట్టర్ వేగం 1/640 సెకను కన్నా తగ్గకు, ఎగిరేదానికి 1/2000. ఐఎస్‌ఓ ఆటోలో వదిలెయ్. తెల్ల కొంగలకు మాత్రం ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించు, లేదంటే ఈకలన్నీ సున్నం కొట్టినట్టు వస్తాయి. సఫారీ జీపులో ట్రైపాడ్ పనికిరాదు. గట్టి గుడ్డ సంచి కుట్టించుకుని ఖాళీగా తీసుకెళ్ళు, జన్నారంలో రెండు కిలోల బియ్యమో శనగలో కొని నింపి జీపు అంచు మీద వేసి దాని మీద లెన్స్ పెట్టు. డ్రైవర్‌ను ఇంజిన్ ఆపమని అడుగు.

అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్ళకు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఫోన్‌లో పిట్ట కూతలు వినిపించి పిలవకు, గూళ్ళ దగ్గర కొమ్మలు తుంచకు.

లెన్స్ ఇంటికొచ్చాక మన వానాకాలం దానికి పెద్ద శత్రువు. తోలు కేసులో పెట్టి బీరువాలో మూసేస్తే రెండు వానాకాలాల్లో ఫంగస్ ఖాయం. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చవకలో దొరికే చిన్న తేమ మీటరు పెట్టుకో. మీటరు 40 నుంచి 50 మధ్య ఉండేలా చూడు. 60 దాటితే జెల్‌ను వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వేయి. వానలో తడిసి ఇంటికొస్తే ఆ రాత్రి డబ్బాలో పెట్టకు, బట్టతో తుడిచి ఫ్యాను కింద ఆరనిచ్చి పొద్దున పెట్టు.